ట్యాంకు గాడిలో నీళ్లు

యుద్ధ ట్యాంకు తొక్కిన నేలలో పురుగూ పుట్రా మిగలవనుకుంటాం. దక్షిణ ఇంగ్లండులోని సాల్స్‌బరీ మైదానంలో మాత్రం ఒక అపురూపమైన ప్రాణికి ట్యాంకులే ఆసరా. పేరు ఫెయిరీ ష్రింప్. రొయ్య అంటారు గానీ రొయ్యలకిది దూరపు చుట్టమే. అంగుళం పొడవు, గాజులాంటి ఒళ్లు, 11 జతల కాళ్లు. వెల్లకిలా ఈదుతుంది, ఆ కాళ్లతోనే మేత పోగేసుకుంటుంది, ఊపిరి తీసుకుంటుంది.

ట్యాంకు దిగబడ్డ గాడిలో వాననీళ్లు నిలిచి, కొన్నాళ్లకు ఇంకిపోతాయి. ఆ ఎండిపోవడమే దీనికి రక్ష: ఎండే గుంటలో చేప బతకదు. తల్లి చచ్చినా గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి ఉంటాయి. తడి తగిలితే కొన్నే పిల్లలవుతాయి. మెట్టరైతు తొలకరికే విత్తనమంతా చల్లెయ్యడు కదా, అలాగే. మిగిలినవి బురదతోపాటు ట్యాంకు పట్టాలకు అంటుకుని మరో గుంట చేరతాయి. మన కోస్తా హేచరీల్లో రొయ్యపిల్లలకు మేపే ఆర్టీమియా దీని దగ్గరి బంధువే. డబ్బాలో గోధుమరంగు పొడిలా కనిపించేవి దాని ఎండు గుడ్లు. ఉప్పునీళ్లలో వేసి గాలి పెడితే మర్నాటికల్లా పిల్లలు ఈదుతుంటాయి.

ఫెయిరీ ష్రింప్ జాతకం వెతుకుతుంటే బెనెడిక్ట్ ప్రెవో తగిలాడు, ఇక వదలబుద్ధి కాలేదు. జెనీవాలో పుట్టి, ఫ్రాన్సు నైరుతిలోని మోంతోబాన్‌లో స్థిరపడ్డవాడు. 1803లో దీనికి కైరోసెఫాలస్ డయాఫనస్ అని పేరు పెట్టాడు. తలకు చేతులున్న పారదర్శక జీవి అని అర్థం. మగది తలకున్న కొండీలతో ఆడదాన్ని పట్టుకుంటుంది, అవే ఆ చేతులు. నాలుగేళ్లకు, 1807లో, గోధుమ గింజను నల్లపొడి చేసే తెగులుకు ఒక శిలీంధ్రమే కారణమని చెప్పిందీ ఈయనే. రాగి తగిలిన నీళ్లలో దాని బీజాలు మొలకెత్తవని కూడా చూశాడు. ఆనాటి పెద్దలు నమ్మలేదు. గుంటలో గుడ్డు, గింజమీద బీజం, రెండూ తడికోసం కాచుకునేవే. వాటితోపాటు తానూ కాచుకు కూర్చున్న ఆ ఓపికంటే నాకు ఎంతో గౌరవం.

స్కాట్లండులో రైనీ రాళ్లలో దొరికిన లెపిడోకారిస్ ఫెయిరీ ష్రింప్‌కు ప్రాచీన బంధువు, వయసు సుమారు 40 కోట్ల ఏళ్లు.

సైన్యం 1897లో సాల్స్‌బరీకి రాకముందు ఈ గుడ్లను మోసింది పశువుల గిట్టలు, బళ్ల చక్రాలు. తర్వాత బాటలకు తారు పడింది, గుంటలు పూడిపోయాయి, చిత్తడి పొలాల నీళ్లు కాలువల్లోకి పోయాయి. బండిగాడిలో నిలిచిన జానెడు నీళ్లు ఒకరి ఇల్లని ఎవరికీ తోచకపోవడం నాకు బాధగా ఉంటుంది. బ్రిటన్‌లో ఇప్పుడు 1981 వన్యప్రాణి చట్టం కింద దీనికి రక్షణ ఉంది. అయినా సాల్స్‌బరీలో పాత గాడిని గడ్డి కమ్మేస్తే, దాన్ని మళ్లీ గుంట చెయ్యడానికి ట్యాంకే రావాలి.