నీళ్లు దిగని మేత బీడు: కచ్ఛ్ బన్నీ కథ, అందులో మన కడప కంపచెట్టు

చవుడు నేలల మీద రాసినప్పుడల్లా మీలో ఎవరో ఒకరు అడుగుతానే ఉన్నారు. "ఊరి మేత బీడు ఊరికే పడి ఉంది. నాలుగు వానలు పడితే నీళ్లు నిలిచి బురద. ఎండాకాలం వస్తే నెర్రెలు, పైన తెల్లగా ఉప్పు. దాన్ని దున్ని తలా రెండెకరాలు పంచుకుంటే పోదా? లేదంటే చెట్లన్నా పెడితే పోదా?" అని. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నాకు చేతకాదు. ఇట్లాంటి నేలే 6 లక్షల ఎకరాలు ఒకేచోట ఉండే సీమ ఒకటుంది. అక్కడ ఈ రెండు పనులూ చేసి చూసినారు. ఆ చరిత్ర రాస్తాను, కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ఆ సీమ పేరు బన్నీ. గుజరాత్ కచ్ఛ్ జిల్లాలో భుజ్ పట్నానికి ఉత్తరాన ఉంటుంది. దాని అవతల రణ్, అంటే ఉప్పు ఎడారి. సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల బయలు, సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో పళ్లెం మాదిరి చదునుగా ఉంటుంది. వాన ఏడాదికి 300 మిల్లీమీటర్ల చిల్లర. కరువు సీమ అని మనం చెప్పుకునే అనంతపురానికి కూడా అంతకంటే ఎక్కువే పడుతుంది. ఆ కాస్తా రెండు మూడు నెలల్లో, కొన్నేళ్లు అదీ లేకుండా.

ఇంత తక్కువ వాన పడే చోట నీళ్లు నిలవడమేంది అనుకుంటారు. అక్కడే ఉంది ఈ నేల గుణం. ఒకప్పుడు సముద్రపు పాయ ఉండిన చోట ఏళ్ల తరబడి నదులు తెచ్చిన వండ్రు, బంకమట్టి పేరుకుని ఏర్పడిన నేల అది. రేణువు చాలా సన్నం. ఉప్పులో ఉండే సోడియం ఆ బంకమట్టిని విడదీస్తుంది. తడవగానే మట్టి ఉబ్బి, చెదిరి, సందులన్నీ మూసుకుపోతాయి. పైన మోకాలిలోతు నీళ్లుంటే కింద జానెడు లోతులో మట్టి పొడిగా ఉండే నేల మనలో చాలామంది చూసిందే. మనం కారు చవుడు అంటామే, ఆ గుణం. దానికి తోడు కింద భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది. ఎండ కాసేకొద్దీ ఆ తడి దీపం వత్తిలో నూనె మాదిరి పైకెక్కుతుంది, నీళ్లు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది. అది పాల చవుడు గుణం. బన్నీలో రెండూ కలిసి ఉన్నాయి. పోదామన్నా వాలు లేదు, దిగుదామన్నా దారి లేదు.

అయినా అది ఒకప్పుడు ఆసియాలోనే పేరున్న పచ్చిక బయళ్లలో ఒకటి. ఎట్లా అంటే, దక్షిణాన కచ్ఛ్ గుట్టల నుంచి చిన్న చిన్న ఏర్లు ఉత్తరంగా పారి ఈ బయలు మీద పరుచుకునేవి. ఆ తియ్యనీళ్లు పైన ఉప్పును కడిగి, కొంత కిందికి, కొంత రణ్ వైపు తోసేవి. కడిగినంత మేర గడ్డి. ఉప్పు తక్కువున్న చోట పశువు ఇష్టంగా తినే మెత్తటి గడ్డి, ఇంకొంచెం ఎక్కువుంటే ఉప్పుకు ఓర్చుకునే గట్టి గడ్డి, ఇంకా ఎక్కువైతే లాణో అని వాళ్లు పిలిచే దళసరి ఆకుల ఉప్పు మొక్క, ఆ తర్వాత ఏమీ మొలవని తెల్లనేల. ఏ గడ్డి ఎక్కడ ఉందో చూసి మట్టి పరీక్ష లేకుండానే అక్కడివాళ్లు ఉప్పు ఎంతుందో చెప్తారు.

ఆ నేల మీద బతికేవాళ్లను మాల్ధారీలు అంటారు. మాల్ అంటే పశుసంపద, అది ఉన్నవాళ్లు అని అర్థం. ఎక్కువమంది ముస్లిములు, సింధ్ వైపు నుంచి తరతరాల కింద వచ్చినవాళ్లు. తోలుపని, నేతపని చేసే మేఘ్వాళ్ కుటుంబాలు కూడా వాళ్లతోనే ఉంటాయి. కచ్ఛ్ రాజుల కాలంలో బన్నీని మేతకే కేటాయించినారు. దున్నకూడదు. గొర్రెలు, మేకలు తోలకూడదు. పాడి పశువులకు పుల్లరి కట్టి మేపుకోవాలి. రాజుకు ఆవుల మీద ప్రేమ ఎక్కువని నేను అనుకోను. దున్నితే పంట రాదు, మేపితే నెయ్యి వస్తుంది, నెయ్యి మీద పన్ను వస్తుంది, అంతే లెక్క. కానీ ఆ లెక్కే నేలను కాపాడింది.

నీళ్లు తాగడానికి వాళ్లు పెట్టుకున్న ఏర్పాటు నాకు భలే నచ్చింది. వాటిని విర్దాలు అంటారు, మన చెలమలే. వాన నీళ్లు నిలిచి ఎండిపోయిన పల్లపు మడుగులో తవ్వుతారు. తియ్యనీళ్లు ఉప్పునీళ్ల కంటే తేలిక కాబట్టి వాననీళ్లు ఉప్పునీళ్ల పైన తేలి నిలుస్తాయి. ఆ పైపొర వరకే తవ్వి, గోడలు కూలకుండా కొయ్యలు పేర్చి, మధ్యలో గడ్డి కూరి, ఊరిన నీళ్లు తోడుకుంటారు. ఆశకు పోయి లోతుకు తవ్వితే ఉప్పు తగులుతుంది. మన దగ్గర బోర్లు వేసేటప్పుడు ఆ పైపొర సంగతి ఎవడు చూస్తున్నాడు చెప్పండి.

ఇంక తియ్యనీళ్లు ఆగిపోతే ఏమవుతుందో చెప్పే సంగతి బన్నీకి పడమర, లఖ్‌పత్ వైపు జరిగింది. ఇది 250 ఏళ్ల కిందటి మాట. సింధు నది పాయ ఒకటి అప్పట్లో రణ్ గుండా అక్కడికి వచ్చేది. దాని కింద వరి పండేది. 1762లో సింధ్ పాలకుడు గులాం షా కల్హోరా కచ్ఛ్ మీదికి వచ్చి ఝారా దగ్గర పెద్ద యుద్ధం చేసినాడు. ఆ తర్వాత ఆ పాయకు ఎగువన, మోరా అనే చోట కట్ట వేయించి నీళ్లు ఆపినాడు. కత్తి దించినాక కూడా నీళ్లతో యుద్ధం. ఆ వరి మళ్లు ఎండి ఉప్పు తేలిపోయినాయి. తర్వాత 1819 జూన్ 16న పెద్ద భూకంపం వచ్చింది. సింద్రీ కోట చుట్టూ నేల కుంగి నీళ్లలో మునిగింది. దానికి ఉత్తరాన నేల కట్ట మాదిరి పైకి లేచింది, కిలోమీటర్ల కొద్దీ పొడుగున. మనిషి కట్టిన కట్ట కాదు కాబట్టి జనం దాన్ని అల్లా బండ్ అన్నారు. 1826లో సింధుకు వరద వచ్చి ఎగువ కట్టలు తెంచుకుని, ఈ అల్లా బండ్‌ను కూడా కోసుకుని తియ్యనీళ్లు సింద్రీ దాకా వచ్చినాయి. కానీ అది నిలబడలేదు. వరి తిరిగి రాలేదు. నీళ్లు పోయిన చోటికి ఉప్పు రావడానికి ఎన్నేళ్లో పట్టలేదు, ఉప్పు పోవడానికి మాత్రం 250 ఏళ్లు చాల్లేదు.

ఇప్పుడు కడప సంగతికి వస్తాను. మనం సర్కారు తుమ్మ, కంపచెట్టు, ఇంగ్లీషు తుమ్మ అని తిట్టుకునే చెట్టు ఈ దేశపుది కాదని మీకు తెలుసు. అది మన దేశంలో మొట్టమొదట అడుగు పెట్టిన చోట్లలో పేరు చెప్పేది మన కడప జిల్లా కమలాపురమే. 1877లో, జమైకా నుంచి తెప్పించిన విత్తనంతో. అది దొడ్డ కరువు సాగుతున్న కాలం. వంటచెరకు కావాలి, నీళ్లు లేకున్నా బతికే చెట్టు కావాలి అని అడవి శాఖ దొరలు వెతికి తెచ్చినారు. వాళ్ల ఉద్దేశం చెడ్డదని నేను అనను. బతికింది, పొయ్యి వెలిగింది, బొగ్గు అయింది. మా అవ్వల కాలంలో ఆ కంపే లేకుంటే సగం ఊళ్లు పచ్చి తినేవి.

ఆ చెట్టే బన్నీకి చేరింది. 1955లో బన్నీని రక్షిత అడవి అని ప్రకటించినారు. గడ్డి బయలుకు అడవి అని పేరు పెట్టడంలోనే తిరకాసు ఉంది, అడవి అన్నాక చెట్టు ఉండాల కదా. 1961 నుంచి రణ్ ఉప్పు ముందుకు పాకకుండా అడ్డం వేద్దామని ఉత్తరపు అంచున 30 వేల హెక్టార్లకు పైగా సర్కారు తుమ్మ నాటినారు. అదే కాలంలో దక్షిణాన రుద్రమాత, నిరోణా లాంటి ఆనకట్టలు కట్టి కొండ ఏర్లను ఆపినారు. ఆ నీళ్లు ఎగువ రైతుకు పనికొచ్చినాయి, దాన్ని నేను కాదనను, మనమూ ఎగువ రైతులమే ఏదో ఒక వంకకు. కానీ ఈ రెండూ ఒకేసారి జరగడం చూడండి. ఉప్పు కడిగే నీళ్లు తగ్గినాయి, ఉప్పుకు ఓర్చే చెట్టు వచ్చింది. గడ్డికి రెండు వైపులా దెబ్బ.

అది పరుచుకునేది ఎట్లనో మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. కాయలు తియ్యగా ఉంటాయి, పశువు తింటుంది, గింజ అరగదు, పేడలో పడి మొలుస్తుంది. మేపినంత మేరా నాటినట్టే. గాండో బావల్ అంటారు అక్కడ, పిచ్చి తుమ్మ అని. దాని కింద గడ్డి రాదు. బన్నీలో మొదట ఉండిన పశువు కాంక్రెజ్ ఆవు, కొమ్ములు చంద్రవంక లెక్క ఉంటాయి, దేశంలో పేరున్న జాతి. ఈ కాయలు ఎక్కువ తింటే ఆవుకు అరగక జబ్బుపడి చచ్చిపోయేవి. ఎనుము కొంత తట్టుకుంది. దాంతో మాల్ధారీలు ఆవులు తగ్గించి ఎనుములు పెంచినారు. ఒక చెట్టు వచ్చి ఒక సీమ మందనే మార్చేసింది.

ఆ ఎనుముల కథ కూడా చెప్పాలి. పగలు ఎండకు ఓర్వలేవని రాత్రిపూట వదులుతారు. కాపరి వెంట పోడు. అవే గుంపుగా పోయి మేసి, తెల్లారేసరికి పాలు పిండే వేళకు ఇంటికి వస్తాయి. 2010లో బన్నీ ఎనుమును దేశంలో 11వ గేదె జాతిగా ప్రభుత్వం గుర్తించింది. పనికిరాని ఉప్పు నేల అన్నచోట చదువులేని కాపరులు తయారు చేసిన జాతి అది, ఏ ఫారంలోనూ పుట్టలేదు.

తర్వాత తుమ్మను తగ్గించాలని 2004లో బొగ్గు కాల్చుకోను వదిలినారు. వేరుతో పెకలించకుండా పైపైన కొట్టిన మోడు మళ్లీ పది కొమ్మలు వేస్తుంది, కొన్నేళ్లకే ఆ అనుమతి మళ్లీ ఆపినారు. ఇంతలో కొందరు ఇంకో దారి పట్టినారు. బయలులో కట్టలు పోసి, తుమ్మ పీకి, దున్ని, వానకు పంట వేయడం. మొదటి ఒకటి రెండేళ్లు పండుతుంది, ఎందుకంటే అన్నేళ్లు ఆకు, పేడ పడిన మట్టి. కానీ కట్ట పోస్తే నీళ్లు పక్క బయలుకు పోవు, పక్కది ఎండుతుంది. దున్నిన చోట గడ్డి వేరు చచ్చి, ఎండాకాలం మట్టికి నీడ లేక ఉప్పు ఇంకా తొందరగా పైకి వస్తుంది. మన మడిలో అయితే జిప్సం వేసి, తియ్యనీళ్లు పెట్టి, మురుగు కాలువ తీసి బాగు చేసుకుంటాం. ఆ మూడింట్లో ఒక్కటి లేకున్నా ఖర్చు దండగే. 6 లక్షల ఎకరాల చదును నేలకు మురుగు కాలువ ఎటు తీస్తావు?

దీని మీద కొట్లాడింది అక్కడి పశువుల పెంపకందార్ల సంఘమే. మా మేత బీడులో కట్టలు తీసేయించండి అని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయినారు. 2021లో ట్రిబ్యునల్ ఆక్రమణలు తొలగించమని, అక్కడ మాల్ధారీలకు సామూహిక హక్కు ఉందని చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరుమ్మడి హక్కు అడిగే దారి మేత బీడుకు కూడా ఉందని మనలో చాలామందికి తెలియదు, అది ఒకసారి చదువుకోండి. ఇప్పుడు అక్కడ కొన్నిచోట్ల తుమ్మను వేళ్లతో పెకలించి, దున్నకుండా, వాన నీళ్లు పారే దారి వదిలి, వాన పడినన్నాళ్లు మంద తోలకుండా ఆపి గడ్డి తెస్తున్నారు. మంచి వాన పడిన ఏడు గడ్డి నడుములోతు వస్తుంది, కరువు ఏడు మళ్లీ లాణోనే.

మీ ఊరి బీడు పంచుకునే ముందు ఒక్క వానాకాలం దాన్ని చూసి నాకు రాయండి. నీళ్లు ఎటునుంచి వస్తున్నాయి, ఎన్నాళ్లు నిలుస్తున్నాయి, ఎటు పోతున్నాయి, నిలిచిన చోట ఏ గడ్డి, అంచున ఏ గడ్డి, తెల్లగా తేలేది పల్లంలోనా మిట్ట మీదా. ఫోటో పెడితే ఇంకా మంచిది. గడ్డి పేర్లు మీ ఊర్లో ఏమంటారో అదే రాయండి, పుస్తకం పేరు అక్కర్లేదు.