పనికిరాదనుకున్న పునరుక్తి

క్రోమోజోముల్లో పదేపదే వచ్చే డీఎన్‌ఏ అక్షరాలు వట్టి చెత్త అన్న మాట చాలాకాలం చలామణీ అయింది. ఆ మాట చెల్లదని తేలిన చరిత్రలో తూర్పు హైదరాబాద్‌కూ వాటా ఉందని నా వాదన. అక్కడి హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ 1977లో పి.ఎం.భార్గవ సారథ్యంలో మొదలైంది. ఒక రకం కట్లపాము ఆడ క్రోమోజోములో లాల్జీ సింగ్ తదితరులు పట్టుకున్న ‘జీఏటీఏ’ పునరుక్తి ఆధారంగానే 1980ల చివర అక్కడ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతి రూపుదిద్దుకుంది.

అది క్రోమోజోము కొసన ఉండే పునరుక్తి, అంటే టెలోమియర్ కాదు కదా అనొచ్చు. నిజమే, రెండింటి పనీ వేరు. కానీ తీసిపారేసిన పునరుక్తిలోనే పని దాగి ఉందన్నది రెండుచోట్లా రుజువైంది. మొక్కజొన్న క్రోమోజోముల్లో విరిగిన కొసలు ఒకదానికొకటి అతుక్కుంటాయనీ, సహజమైన కొసలు అతుక్కోవనీ 1930ల చివర బార్బరా మెక్‌క్లింటాక్ గమనించారు. కారణం 1978లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్‌ల పరిశోధనతో తెలియసాగింది: కొసల్లో పొట్టి అక్షరమాల మళ్లీ మళ్లీ వస్తోంది. మనిషిలో అది ‘టీటీఏజీజీజీ’, వేలసార్లు. కణం విభజన చెందే ప్రతిసారీ కొస కొంత తరుగుతుంది. ఆ తరుగు జన్యువులకు తగలకుండా ఈ పునరుక్తి భరిస్తుంది. దాన్ని కప్పి ఉంచే ప్రొటీన్లు, మరమ్మతు యంత్రాంగం ఆ కొసను తెగిన డీఎన్‌ఏగా పొరబడకుండా కాస్తాయి. మరి టెలోమియర్ ఎంత పొడవుంటే అంత మేలా? కాదు. తరిగిన కొసను పూడ్చే టెలోమరేజ్ ఎంజైమును చాలా క్యాన్సర్ కణాలు మేల్కొలిపి, అంతులేకుండా విభజన చెందుతాయి.