అమ్మినా తీరని అప్పు

పందొమ్మిదో శతాబ్దపు ఐర్లండ్‌లో శిస్తు కట్టలేని కౌలురైతును వెళ్ళగొట్టాక భూస్వామి మనుషులు తరచు ఆ ఇంటిని కూడా కూల్చేసేవారు. నిలబెట్టి వదిలితే రాత్రికి రాత్రి మళ్ళీ వచ్చి తలదాచుకుంటారని భయం. 1845లో మొదలైన ఆలుగడ్డ కరువు కాలంలో అలా వీధినపడ్డ కుటుంబాలు ప్రాణాలకూ ఊళ్ళకూ దూరమైన లక్షలాది జనంలో కలిసిపోయాయి. వీధినపడతామన్న భయం మనవలకీ మునిమనవలకీ దిగింది. భూచట్టాలు కౌలుదార్లను యజమానుల్ని చేశాయి, తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది. 1991 నాటికి అక్కడ పది కుటుంబాల్లో దాదాపు ఎనిమిది సొంత ఇంట్లోనే ఉన్నాయి. ఇల్లు మనదైతే ఇంక మనల్ని ఎవరూ కదిలించలేరని ఆ జాతి నమ్మింది. ఆ నమ్మకమే కొంప ముంచింది.

తొంభైల మధ్య నుంచి ఐర్లండ్ దశ తిరిగింది. విదేశీ కంపెనీలు వచ్చాయి, వలసపోయిన పిల్లలు తిరిగొచ్చారు, యూరోతో పాటు చవక వడ్డీ వచ్చింది. ఇళ్ళ ధరలు జీతాలను దాటి పరుగెత్తాయి. నలభై రెండు లక్షల జనాభా ఉన్న దేశంలో 2006 ఒక్క ఏడాదిలోనే దాదాపు 90 వేల కొత్త ఇళ్ళు లెక్కకొచ్చాయి. 2005లో బ్యాంకులు నూటికి నూరు శాతం అప్పు ఇవ్వడం మొదలుపెట్టాయి. చేతిలో పైసా లేకపోయినా తాళంచెవి చేతికొచ్చేది, వాయిదాలు మాత్రం ముప్పై అయిదేళ్ళు. చిన్న ఫ్లాటైనా సరే కొనెయ్యి, నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టు, తర్వాత పెద్ద ఇంటికి పోవచ్చు అని తల్లిదండ్రులే పిల్లల్ని తొందరపెట్టారు. వైకుంఠపాళి ఆడిన వాళ్ళకి తెలుసు, నిచ్చెనలున్న పటంలోనే పాములూ ఉంటాయని.

చెప్పినవాళ్ళు లేకపోలేదు. ధరలు ఘోరంగా పడతాయని ఆర్థికవేత్త మోర్గన్ కెల్లీ 2006 చివర్లోనే రాశాడు. పక్కన కూచుని మూలిగేవాళ్ళు ఆత్మహత్య ఎందుకు చేసుకోరో తనకు అర్థం కాదని 2007 జులైలో ప్రధాని బెర్టీ అహెర్న్ ఒక సభలో అన్నాడు. ఆ మాటకు తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పటికే ధరలు దిగడం మొదలైంది.

2008 సెప్టెంబరు 29 రాత్రి ప్రభుత్వం పెద్ద బ్యాంకులు కూలిపోకుండా వాటి బాకీల్లో దాదాపు అన్నిటికీ తాను పూచీ పడింది. ఆ పూచీ రెండేళ్ళలో దేశాన్నే యాచకుణ్ణి చేసింది. 2010 నవంబరులో ఐరోపా సమాఖ్య, ఐఎంఎఫ్‌లతో 8,500 కోట్ల యూరోల ఒప్పందానికి తల ఊపక తప్పలేదు. పన్నులు పెరిగాయి, జీతాలు తగ్గాయి, నిరుద్యోగం పదిహేను శాతానికి చేరింది. 2013 మొదటికి ఇళ్ళ ధరలు సగానికి సగం పోయాయి. డబ్లిన్ ఫ్లాట్ల ధరలైతే ఇంకా కిందికి జారాయి.

2006లో ఒక జంట మొత్తం అప్పుతో మూడు లక్షల యూరోలకి ఒకే పడగ్గది ఫ్లాటు కొన్నదనుకోండి. ఆరేళ్ళు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా, తొలి ఏళ్ళలో కట్టేదంతా ఎక్కువగా వడ్డీకే పోతుంది కాబట్టి బాకీ ఇంకా రెండు లక్షల డెబ్భై వేల దగ్గర ఉంటుంది. ఫ్లాటు అమ్మితే వచ్చేది లక్షా యాభై వేలు. అంటే ఇల్లు పోగొట్టుకున్నాక కూడా లక్షా ఇరవై వేలు చెల్లించాలి. దీన్నే నెగటివ్ ఈక్విటీ అన్నారు. ఇద్దరి కోసం కొన్న గదిలో ముగ్గురయ్యారు, నలుగురయ్యారు. వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చినా కదల్లేకపోయారు. విడిపోవాలనుకున్న భార్యాభర్తలను సైతం ఆ బాకీ ఒకే కప్పు కింద కట్టి పడేసింది.

డబ్లిన్ ఉత్తరాన డోనగ్‌మీడ్‌లో ప్రయరీ హాల్ అనే అపార్టుమెంట్లు ఉండేవి. అగ్నిప్రమాదం జరిగితే ప్రాణాలు దక్కేలా కట్టలేదని తేలి, 2011 అక్టోబరులో హైకోర్టు అందరినీ ఖాళీ చేయించింది. కాపురం ఉండటానికి పనికిరాని ఇల్లు అది, అమ్ముదామంటే కొనే నాథుడు లేడు. తనఖా మాత్రం చెక్కుచెదరలేదు. రెండేళ్ళు తిరిగాక, 2013 అక్టోబరులో గాని ఆ అప్పులు కొట్టేయడానికి ఒప్పందం కుదరలేదు.

మిగతావాళ్ళకి ఆ దయ కూడా లేదు. తాళాలు బ్యాంకు బల్ల మీద పెట్టి వచ్చేసినా, వేలంలో రాని సొమ్ము బాకీదారు నెత్తిమీదే ఉంటుంది. అప్పట్లో దివాలా తీస్తే విముక్తికి పన్నెండేళ్ళు. ఏడాదిలో బయటపడనిచ్చే ఇంగ్లండుకు మకాం మార్చి అక్కడ దివాలా అర్జీ పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. 2012 చట్టం ఆ గడువును మూడేళ్ళకి తగ్గించింది, 2016లో అది ఏడాది అయింది. ఆదాయానికి మూడున్నర రెట్లే అప్పుకు సాధారణ హద్దని కేంద్ర బ్యాంకు 2015లో గీత గీసింది. పదేళ్ళ ముందు ఆ గీత ఉంటే ఇన్ని ఇళ్ళు ఏడ్చేవి కావు.

2022లో ధరలు పాత శిఖరాన్ని దాటాయి. పట్టు విడవకుండా కట్టినవాళ్ళ లెక్క కాగితం మీద సరిపోయింది. మధ్యలో తెగనమ్మినవాళ్ళకీ, ఇల్లు జప్తయినవాళ్ళకీ అందులో ఏమీ రాలేదు.

మన దేశంలోనూ ఇంతే. వాయిదాలు ఆగితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇంటిని వేలం వేస్తుంది, చాలని సొమ్ముకు రుణ వసూలు ట్రిబ్యునల్‌కో కోర్టుకో వెళ్ళవచ్చు. ఇల్లు అప్పగిస్తే అప్పు తీరిపోతుందనుకోకండి. బ్యాంకు ఎంత ఇస్తానందో కాదు, ధర సగమైనా, ఒక జీతం ఆగినా ఎంత కట్టగలరో చూసుకుని సంతకం పెట్టండి.