గోడ మీద ఎవరిదో పేరు

1911 జులై 24. పెరూ దేశంలో ఉరుబంబా లోయ. తెల్లారింది గానీ ఎండ జాడ లేదు. సన్నటి జల్లు, ఎముకలు కొరికే చలి. గుడిసెలో మెల్చోర్ ఆర్టియాగా వణుకుతూ ముడుచుక్కూర్చున్నాడు. ఎదుటి కొండ మీద పాత గోడలున్నాయని చెప్పింది ఆయనే. ఇవాళ మాత్రం కదలనంటున్నాడు. తడిసిన కొండ ఎక్కడం తనవల్ల కాదట.

జట్టు నాయకుడు హైరామ్ బింగమ్ ఒక సోల్ నాణెం ఇస్తానన్నాడు. అక్కడి రోజుకూలికి మూడు నాలుగింతలు. ఆర్టియాగా లేచాడు.

జట్టులో మిగిలినవాళ్లు లేవలేదు. ప్రకృతి శాస్త్రవేత్తకి ఏటి ఒడ్డునే సీతాకోకచిలుకలు ఎక్కువట. డాక్టరుకి బట్టలు ఉతుక్కోవాలట. వెంట వచ్చింది కరాస్కో ఒక్కడే. సైన్యంలో సార్జెంటు, కెచువా భాష తెలిసినవాడు. ముప్పావు గంట నడిచాక నది అడ్డొచ్చింది.

వంతెన అంటే కొన్ని సన్నటి దుంగలు. కింద వరద నీళ్లు బండల్ని గుద్ది తెల్లగా చిమ్ముతుంటే, ఆర్టియాగా, కరాస్కో బూట్లు విప్పేసి కాలివేళ్లతో కర్రని పట్టుకుంటూ అవతలికి దాటేస్తే, ఆరడుగులకు పైగా ఎత్తున్న బింగమ్ మాత్రం మోకాళ్ల మీద పడి, తీగల కట్లు ఊడిపోకూడదని కోరుకుంటూ, జానెడు జానెడుగా పాకి ఒడ్డు చేరాడు. అసలు కొండ ఇంకా మొదలే కాలేదు.

గంటకు పైగా ఎక్కుడు. కొన్నిచోట్ల నాలుగు కాళ్ల మీదే. చెమట, ఉక్క. ఇక్కడ పాములు జాస్తి అని ఆర్టియాగా గొణుగుడు.

ఇంత కష్టం దేనికి? బింగమ్ యేల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర పాఠాలు చెప్పే 35 ఏళ్లవాడు. స్పెయిన్ సేనలు కుజ్కోని ఆక్రమించాక ఇంకాల రాజు మాంకో ఈ కొండల్లోకి తప్పించుకున్నాడు. ఆ వంశం విల్కబాంబా రాజధానిగా 1572 దాకా ఎదురు నిలిచింది. ఆ రాజధాని ఎక్కడుందో ఎవరూ తేల్చలేదు. బింగమ్‌కి కావలసింది అదే.

మధ్యాహ్నానికి పైన కనిపించింది రాజధాని కాదు. ఒక పూరిగుడిసె!

రిచార్టే, అల్వారెజ్ అనే ఇద్దరు రైతులు ఎదురొచ్చారు. సొరబుర్రలతో చల్లటి నీళ్లు, ఉడికించిన చిలగడదుంపలు పెట్టారు. నాలుగేళ్లుగా కాపురం ఇక్కడేనట. పన్నులవాళ్లు, సైన్యంలోకి పట్టుకుపోయేవాళ్లు ఇంత దూరం రారుగా! ఇంకాలు కట్టిన మెట్ల పొలాల్లోనే వీళ్ల మొక్కజొన్న. ప్రపంచానికి తెలియని చోటంటే ఇదే మరి.

ఆర్టియాగా కబుర్లలో పడ్డాడు. దారి చూపడానికి ఒక చిన్న పిల్లాణ్ని పంపారు.

పిల్లాడు మలుపు తిరిగాడు. రాతి కట్టలు, వరస మీద వరస. వాటిని దాటి అడవిలోకి దూరితే చెట్ల వేళ్లు, నాచు, వాటి కింద తెల్లటి గ్రానైటు గోడలు. సున్నం లేదు. రాయికి రాయి అతికినట్టు కూర్చుంది. ఒక గుహ, దాని మీద వంపు తిరిగిన గుడి. పిల్లాడు ఇంకా పైకి పరిగెత్తాడు. అక్కడ మూడు పెద్ద కిటికీలు లోయలోకి తెరుచుకుని ఉన్నాయి.

ఆ గోడ మీద బొగ్గుతో ఏదో రాసుంది. బింగమ్ దగ్గరికెళ్లాడు.

లిజారగా, 1902.

తొమ్మిదేళ్ల కిందటే ఒకడు వచ్చి వెళ్లాడు. ఈ లోయ రైతే, అగుస్తీన్ లిజారగా. ఈ శిథిలాల పేరు మచూ పిచూ. దాన్ని కనుక్కున్నది లిజారగా అని బింగమ్ తన నోటుబుక్కులో రాసుకున్నాడు. ఫొటోలు తీశాడు, కొలతలు తీసుకున్నాడు, ఆ రోజే కొండ దిగాడు.

1912 ఫిబ్రవరిలో లిజారగా ఉరుబంబా నదిలో పడి కొట్టుకుపోయాడు. 1913 ఏప్రిల్‌లో నేషనల్ జియోగ్రాఫిక్ తన సంచిక మొత్తాన్ని పెరూ యాత్రకే ఇచ్చేసింది. వ్యాసం కింద పేరు బింగమ్‌ది.