లూథరన్ ప్రసంగం: సువార్త పాఠం, సీమ బతుకు

లూథరన్ సంఘాల ఆదివారపు ఆరాధనలో ఆ రోజుకు నియమించిన సువార్త భాగాన్ని చదివాక, కాపరి అదే భాగం మీద చెప్పే వాక్యోపదేశాన్ని లూథరన్ ప్రసంగం అంటారు. పాఠాన్ని ఎంచుకునే వెసులుబాటు ప్రసంగీకుడికి ఉండదు. ఊళ్లో పెళ్లి జరిగినా, చావు జరిగినా, వాన ఎగ్గొట్టినా, క్యాలెండరులో ఏ అధ్యాయం వస్తే దాన్నే తెరవాలి. సంఘస్తుల వారం రోజుల బతుకును ఆ అధ్యాయం దగ్గరికి తీసుకురావడమే అతని పని. ఈ కట్టుబాటే లూథరన్ ప్రసంగానికి బలం. నచ్చిన వచనం పట్టుకుని నచ్చిన మాట చెప్పే ప్రసంగీకుడు ఏళ్ల తరబడి ఒకే నాలుగు విషయాల చుట్టూ తిరుగుతాడు. నియమిత పాఠాల పట్టికకు కట్టుబడినవాడు మాత్రం తనకు ఇబ్బంది కలిగించే పాఠాల మీద కూడా నోరు విప్పక తప్పదు.

ఈ పద్ధతికి మూలపురుషుడు మార్టిన్ లూథర్ (1483–1546). వార్ట్‌బర్గ్ కోటలో తలదాచుకున్న 1521–22 రోజుల్లోనే ఆయన నియమిత పాఠాల మీద ప్రసంగాల సంపుటి రాయడం మొదలుపెట్టాడు. సరిగా చదువుకోని కాపరులు ఆదివారం పూట ఏం చెప్పాలో తెలియక తికమక పడకూడదన్నది దాని ఉద్దేశం. 1530ల తొలి ఏళ్లలో ఆరోగ్యం బాగాలేక గుడికి వెళ్లలేని ఆదివారాల్లో ఇంట్లోనే భార్యాబిడ్డలను, పనివాళ్లను కూర్చోబెట్టుకుని వాక్యం చెప్పాడు. ఆ ప్రసంగాలు 1544లో గృహ ప్రసంగాల పుస్తకంగా వెలువడ్డాయి. విట్టెన్‌బర్గ్ గుడిలో తన ఎదుట పండితులు కూర్చున్నా, తాను మాట్లాడేది వాళ్లను చూసి కాదనీ, పిల్లలనూ పనివాళ్లనూ చూసి అనీ ఆయన చెప్పుకునేవాడు. ఆయన ప్రసంగాలు నేటికీ రెండు వేలకు పైగా మిగిలి ఉన్నాయి.

నిత్యజీవితంతో ముడి ఎలా వేయాలో ఆయన 1529 నాటి చిన్న కేటకిజంలో (ప్రశ్నోత్తర బోధ పుస్తకంలో) సూటిగా చూపించాడు. ప్రభువు ప్రార్థనలోని అనుదినాహారం అన్న మాట కింద తిండి, బట్ట, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు, మంచి జీవిత భాగస్వామి, మంచి పాలకులు, అనుకూలమైన వాతావరణం, నమ్మకమైన ఇరుగుపొరుగు అన్నీ లెక్కపెట్టాడు. మంచి వానను, మంచి సర్కారును ఒకే వరుసలో అడగమన్న ఆ జాబితా కన్ఫర్మేషన్ తరగతిలో పిల్లలు బట్టీపట్టే పాఠమే అయినా, నా దృష్టిలో లూథరన్ ప్రసంగ కళ అంతా అందులో ఇమిడి ఉంది. చెప్పులు కుట్టేవాడు చెప్పులు కుడుతూనే, తల్లి బిడ్డకు స్నానం చేయిస్తూనే దేవుడికి సేవ చేస్తున్నట్టే అన్న లూథర్ బోధ కూడా ఆ జాబితాకు చుట్టమే.

ఈ నియమిత పాఠాల పట్టికలు ప్రధానంగా రెండు. పశ్చిమ దేశాల మధ్యయుగపు సంఘం నుంచి వచ్చిన ఏడాది పట్టికలో ప్రతి ఆదివారానికీ ఒకే సువార్త భాగం ఏటా తిరిగి వస్తుంది. అందులో అపొస్తలుల పత్రికల ఎంపిక బాగాలేదని 1523లో లూథర్ తప్పుపట్టాడు గానీ పట్టికను మాత్రం ఉంచేశాడు. రెండోది మూడేళ్ల పట్టిక. 1969లో రోమన్ కథోలిక సంఘం తెచ్చిన మూడేళ్ల వరుసను లూథరన్లు సహా పలు ప్రొటెస్టెంటు సంఘాలు తమకు తగినట్టు మార్చుకోగా, 1992లో దాని సవరించిన ఉమ్మడి రూపం వెలువడింది. మొదటి ఏడు మత్తయి, రెండో ఏడు మార్కు, మూడో ఏడు లూకా. యోహాను సువార్త ఎక్కువగా శ్రమదినాల్లోనూ, ఈస్టరు కాలంలోనూ వినిపిస్తుంది.

తెలుగుతో లూథరన్ల పరిచయం పాతది. డేనిష్-హాలె మిషను తరఫున తరంగంబాడికి, తర్వాత మద్రాసుకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్నాడు. స్వదేశం చేరాక 1746–47 ప్రాంతంలో జర్మనీలోని హాలెలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా చరిత్రకారులు లెక్కించేవి అవే. లూథర్ కేటకిజం అనువాదం వాటిలో ఒకటి. వందేళ్ల తర్వాత, 1842 జూలై 31న, అమెరికా నుంచి జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు చేరాడు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు ఆదరువుగా నిలిచాడు. గుంటూరు, రాజమండ్రి మిషన్ల సంఘాలు కలిసి 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం (ఏఈఎల్‌సీ) అయ్యాయి. దక్షిణాన సూళ్లూరుపేట, నాయుడుపేట, శ్రీకాళహస్తి వైపు 1860ల నుంచి జర్మనీకి చెందిన హెర్మన్స్‌బర్గ్ మిషను పనిచేసింది. ఆగస్ట్ మిలియస్ దాని తొలి నాయకుడు. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మన్లు వెళ్లిపోవలసి రాగా ఆ పనిని అమెరికాలోని ఒహాయో లూథరన్లు అందుకున్నారు. నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం దాని వారసత్వమే. తిరుపతి, శ్రీకాళహస్తి ప్రాంతాల్లో సంఘాలున్న ఇది రాయలసీమ లోపలి లూథరన్ శాఖ.

ఇక్కడ ఉదాహరణగా తీసుకునే హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఆ పరిధికి పడమట ఉన్నాయి. ఈ మూడూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని పట్టణాలు. ఈ వైపు ప్రొటెస్టెంటు పనికి మూలం లండన్ మిషనరీ సొసైటీ. ఆ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్లారిలో దిగాడు. 1882లో అనంతపురం జిల్లా విడిపోయేదాకా ధర్మవరం, పెనుకొండ బళ్లారి జిల్లా కిందివే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టినప్పుడు లండన్ మిషను సంఘాలు అందులో కలిశాయి. లూథరన్లు కలవలేదు. అయినా రెండు సంఘాల పెద్దలు 1948 నుంచి 1959 దాకా సిద్ధాంత చర్చలు సాగించారు. 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాదుకు మారిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు అభ్యర్థులు ఒకే తరగతిలో కూర్చుని ప్రసంగ శాస్త్రం నేర్చుకున్నారు. పాటలు కూడా ఉమ్మడివే. గుంటూరు లూథరన్ గుడిలోనూ, సీమలోని సీఎస్ఐ గుడిలోనూ పీట మీద ఉండేది ఒకే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. కాబట్టి ఈ మూడు పట్టణాల గురించి మాట్లాడేటప్పుడు, ఆ నేల మీద నియమిత సువార్త పాఠం ఎలా వినిపిస్తుందన్న ప్రశ్న లూథరన్లకు ఎంత సొంతమో పొరుగు సంఘాలకూ అంతే.

విత్తువాని ఉపమానం చూడండి. ఏడాది పట్టికలో ఇది లూకా 8వ అధ్యాయం నుంచి, శ్రమదినాలకు ముందు వచ్చే ఆదివారాల్లో ఒకదానికి పడుతుంది. 2026లో అయితే ఫిబ్రవరి 8. అప్పటికి సీమ మెట్ట చేలలో శెనక్కాయ (వేరుశనగ) పెరికి, కాయ ఒలిచి, కట్టె వామి వేసి నెలలు గడిచిపోతాయి. పొలం బీడుగా ఉంటుంది. మూడేళ్ల పట్టికలో అదే ఉపమానం మత్తయి 13 నుంచి జూలై నడిమధ్య వస్తుంది. 2026లో జూలై 12. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన పడే ఈ ప్రాంతంలో ఆ రోజుల్లో రైతు మబ్బు వైపు చూస్తూ పదును కోసం కాచుకుని ఉంటాడు. జర్మనీలో కూర్చుని వేసిన లెక్కా కాదు, రోములో వేసిన లెక్కా కాదు. కాకతాళీయంగా పాఠమూ విత్తనమూ ఒకే వారంలో కలుస్తాయి.

కలిసినంత మాత్రాన పని తేలిక కాదు. ఈ రైతు మొదట అడిగే ప్రశ్న, విత్తనం దారిలో ఎందుకు పడింది అని. ఇక్కడ శెనక్కాయ విత్తనాన్ని చేత్తో వెదజల్లరు. గొర్రు కట్టి, జడ్డిగంలో గింజ వేస్తే అది గొట్టాల గుండా నేరుగా సాలులోకి దిగుతుంది. వెనకే గుంటక తోలి మన్ను కప్పుతారు. అప్పు చేసి కొన్న విత్తనంలో ఒక్క గింజ కూడా బాట మీద పడనివ్వరు. కాబట్టి గలిలయలో గింజను చేత్తో చల్లేవారనీ, చల్లాక దున్నే అలవాటు కూడా ఉండేదని కొందరు పండితులు అంటారనీ కాపరి చెప్పక తప్పదు. రాతి నేల గురించి మాత్రం వివరించనక్కర్లేదు. జానెడు ఎర్రమట్టి కింద గరుసు తగిలే చేను ఎలా ఉంటుందో, నాలుగు రోజులు వాన ఎడమైతే ముందు వాడేది ఎక్కడో వినేవాళ్లకే బాగా తెలుసు. నూరంతల పంట మాట దగ్గర మళ్లీ ఆగాలి. శెనక్కాయలో అది కలలో కూడా రాదు. కొర్ర, రాగి పండించిన పాతతరం వాళ్లయితే ఒక్క కంకిలో ఎన్ని గింజలుంటాయో చెప్పగలరు.

ఇక్కడే లూథరన్ సంప్రదాయం ఒక హెచ్చరిక చేస్తుంది. ధర్మశాస్త్రాన్నీ సువార్తనూ కలగాపులగం చేయకూడదన్నది దాని తొలి సూత్రం. అమెరికా లూథరన్ ఆచార్యుడు సీ.ఎఫ్.డబ్ల్యూ. వాల్తర్ 1884–85లో ఈ ఒక్క విషయం మీదే వరుస ఉపన్యాసాలు ఇచ్చాడు. మనిషి చేయాల్సినదాన్ని చెప్పేది ధర్మశాస్త్రం. దేవుడు చేసినదాన్ని చెప్పేది సువార్త. విత్తువాని ఉపమానం మీద మన గుళ్లలో ఎక్కువగా వినిపించే ముగింపు, మీరు మంచి నేలగా మారండి అని. వినడానికి బాగానే ఉంటుంది గానీ నేల తనంతట తాను మారదన్న సంగతి రైతుకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. గరుసు నేలను గరుసు నేల అని నిందించి ఇంటికి పంపడం సువార్త కాదు. దారి అని, రాయి అని చూడకుండా చల్లుతూనే పోయే ఆ విత్తువాడి దగ్గరికి ప్రసంగం చేరాలి. శెనక్కాయ రైతు కళ్లకు అలాంటి విత్తువాడు తెలివితక్కువవాడిలా కనిపిస్తాడు. ఉపమానం పదునంతా అక్కడే ఉంది.

మత్తయి 20లోని ద్రాక్షతోట కూలీల కథకు ఈ జిల్లాల్లో మరో లోతు ఉంది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అందులో తవ్విన మట్టికి కొలత వేసి కూలి లెక్క కడతారు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్ల తయారీ సాగుతోంది. ఆ ఫ్యాక్టరీ గేటు బయట పని కోసం అడిగేవాళ్లున్నారు, లోపల కాంట్రాక్టు పని చేసేవాళ్లున్నారు. ఉపమానంలో సాయంత్రం అయిదింటికి కూడా సంతవీధిలో నిలబడ్డవాళ్లను ఎందుకు ఊరికే ఉన్నారని యజమాని అడిగితే, ఎవరూ మమ్మల్ని పిలవలేదని చెబుతారు. అడ్డా మీద నిలబడ్డ అనుభవం ఉన్నవాళ్లకు దీని అర్థం తెలుసు. చివరిదాకా మిగిలేవాళ్లు సోమరులు కారు. ముసలివాళ్లు, బక్కపలచనివాళ్లు, చంకలో బిడ్డ ఉన్న ఆడవాళ్లు. వాళ్లకు కూడా నిండు రోజు కూలి ఇచ్చిన యజమాని మీద పొద్దున్నుంచి ఎండలో మాడినవాళ్లు సణుగుతారు. ఆ సణుగుడులో న్యాయం ఉంది. ప్రసంగీకుడు దాన్ని కప్పిపెట్టకూడదు. అలాగని దీన్ని వేతన చట్టం మీద ఉపన్యాసంగా మార్చినా పాఠం చెయ్యి దాటిపోతుంది.

ధర్మవరం పట్టుచీరలకు పేరున్న ఊరు. శుభ శుక్రవారం నాడు యోహాను శ్రమచరిత్ర చదివేటప్పుడు సైనికులు చీట్లు వేసుకున్న అంగీ ప్రస్తావన వస్తుంది. అది కుట్టు లేకుండా పైనుంచి కిందిదాకా ఏకంగా నేసిన వస్త్రం. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఎవరికీ పనికిరాదని సైనికులకు తెలుసు. మిగతా ఊళ్లలో వినేవాళ్లు ఈ వచనాన్ని దాటి సిలువ దగ్గరికి వెళ్లిపోతారు. పడుగు ఎక్కించి, పేక తోసి, ఒక్క చీర కోసం రోజుల తరబడి మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లు ఇక్కడ ఒక క్షణం ఆగుతారు. ఎవరో నేసిన పని అది. నేసిన చేతి పేరు సువార్తలో లేదు.

హిందూపురం బెల్లం, చింతపండు వ్యాపారానికి పెట్టింది పేరు. అదిమి, కుదించి, పొర్లిపోయేలా కొలిచే కొలతను గురించి లూకా 6లో వచ్చే మాట మండీలో తూకం చూసినవాళ్లకు విప్పి చెప్పనక్కర్లేదు. 

ప్రసంగం ఎవరు చెబుతారన్నది కూడా మారుతూ వచ్చింది. పల్లెల్లో చాలా కాలం దాకా మిషనరీ దొరలు, దీక్ష పొందిన కాపరులు నెలకో రెండు నెలలకో వచ్చేవారు. మిగతా వారాల్లో వాక్యం చెప్పింది ఉపదేశకులు, బడిపంతుళ్లు, బైబిలు స్త్రీలు. పగలంతా కూలికి పోయేవాళ్ల కోసం పల్లె ఆరాధన రాత్రిపూట దీపం పెట్టాక జరిగేది. రాజమండ్రి కేంద్రంగా పనిచేసిన లూథరన్ నాయకురాలు బీ.వీ. సుబ్బమ్మ 1970 నాటి తన పుస్తకంలో, హిందూ కుటుంబాల నుంచి వచ్చేవారికి పాశ్చాత్య ఆరాధన పద్ధతి అడ్డుగోడ కాకూడదనీ, వాళ్ల ఇళ్ల వాతావరణంలోనే వాక్యం చెప్పాలనీ వాదించింది. లూథరన్ల మధ్య నుంచే వచ్చిన ముంగమూరి దేవదాసు 1938లో బైబిలు మిషను స్థాపించి వేరే దారి పట్టాడు.

ఇప్పుడు పట్టణాల్లో స్వతంత్ర సంఘాల జోరు ఎక్కువ. అక్కడ పాస్టరుగారు తానెంచుకున్న అంశం మీద గంటకు పైగా మాట్లాడతారు. స్వస్థత, ఆశీర్వాదం, అప్పుల విడుదల ముందు వరుసలో ఉంటాయి. పట్టిక ప్రకారం సాగే ప్రసంగం దాని పక్కన చప్పగా అనిపిస్తుందని లూథరన్, సీఎస్ఐ యువకులే అంటుంటారు. ఆ ఫిర్యాదులో కొంత నిజముంది. పాఠాన్ని చదివి, పాత నోట్సులోని మూడు పాయింట్లు అప్పజెప్పి దిగిపోయే కాపరులు ఉన్నారు. తప్పు పట్టికది కాదు. కరువు ఏడాదిలో స్వతంత్ర గుడి ఆశీర్వాదం మీద పాడుతుండగా, ఆ ఆదివారానికి నియమించిన పాఠం ధనవంతుడి కొట్ల గురించో, లాజరు కుక్కల గురించో అయితే కాపరి దాన్నే చదవాలి, దాని మీదే మాట్లాడాలి.