ప్యానెల్ డేటా (అర్థశాస్త్రం)

ప్యానెల్ డేటా అనగా ఒకే కుటుంబాలను, సంస్థలను లేదా ప్రాంతాలను పలు సంవత్సరాలపాటు మరల మరల పరిశీలించి సేకరించిన సమాచారం. అర్థశాస్త్రంలో కార్యకారణ సంబంధాలను విచారించడానికి దీనిని విరివిగా వాడుతారు. తెలుగు ప్రాంతంలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 1975లో ఇక్రిశాట్ సంస్థ ప్రారంభించిన గ్రామస్థాయి అధ్యయనాలు.

స్థిర ప్రభావాల పద్ధతి

బోరుబావి ఉన్న రైతుల ఆదాయం లేనివారి ఆదాయం కంటె ఎక్కువగా ఉన్నదనుకుందాం. దానికి బోరే కారణమని వెంటనే చెప్పరాదు. మంచి నేల, సాగులో నేర్పు ఉన్నవారే బోరు వేయించుకొని ఉండవచ్చును. నేర్పు సర్వే పత్రంలో నమోదు కాదు. అదే రైతును బోరుకు ముందు, తరువాత పోల్చినప్పుడు, మారని గుణాల ప్రభావం తీసివేతలో తొలగిపోతుంది.

వ్యత్యాసాల వ్యత్యాసం

ముందు, తరువాత పోల్చడం మాత్రమే చాలదు. ఆ మధ్య ఇతర మార్పులు కూడా జరుగుతాయి. ఉదాహరణకు, మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్‌ల మీదుగా సాగే అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది. దాని వలన ఇక్కడి దుకాణాల అద్దెలు ఎంత మారాయో తెలియాలంటే, ప్రారంభానికి ముందు, తరువాతి అద్దెల తేడా నుండి మెట్రో లేని, అటువంటిదే అయిన మరొక ప్రాంతపు తేడాను తీసివేయాలి. మెట్రో రాకపోతే రెండు ప్రాంతాల అద్దెలూ ఒకే తీరున మారి ఉండేవన్నది ఈ లెక్కకు ఆధారం. మెట్రో వస్తుందన్న అంచనాతో అద్దెలు ముందే పెరిగి ఉంటే లెక్క తప్పుతుంది.

ఇక్రిశాట్ అధ్యయనాలు

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఎంచుకొన్న ఆరు గ్రామాలలో ఔరేపల్లి, డోకూరు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోనివి. తక్కిన నాలుగు మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాలలోనివి. ప్రతి గ్రామంలో భూమిలేని కూలీలు, చిన్న, మధ్యతరహా, పెద్ద రైతుల నుండి పదేసి చొప్పున 40 కుటుంబాలను తీసుకొన్నారు. వారి ఆదాయవ్యయాలను, పంటలను, కూలిపనులను ఏళ్ల తరబడి నమోదు చేశారు.

ఒక కుటుంబానికి పంట పోతే దాని తిండి కూడా తగ్గుతుందా అన్నది ఈ సమాచారంతో విచారించిన ముఖ్యమైన ప్రశ్న. రాబర్ట్ టౌన్సెండ్ ఔరేపల్లి, షిరాపూర్, కంజారా గ్రామాల సమాచారాన్ని పరిశీలించి 1994లో ఎకనామెట్రికా పత్రికలో వ్యాసం ప్రచురించాడు. కుటుంబ వినియోగం గ్రామపు సగటు వినియోగంతో కలిసి మారుతున్నదనీ, ఆ కుటుంబపు సొంత ఆదాయ ప్రభావం స్వల్పమనీ తేల్చాడు. అయితే ఈ రక్షణ సంపూర్ణం కాదు. 1997లో మార్టిన్ రావల్యన్, శుభం చౌధురి అదే సమాచారాన్ని తిరిగి పరిశీలించి, వినియోగాన్ని కొలిచిన తీరు వలన సొంత ఆదాయ ప్రభావం తక్కువగా కనిపించిందని వాదించారు. కరవు కాలంలో పేదలకు ఇరుగుపొరుగు సాయం చాలునా, ప్రభుత్వ సాయం అవసరమా అన్న నిర్ణయానికి ఈ తేడా కీలకమైనది.

పరిమితులు

* కాలంతోపాటు మారే గుణాలు తీసివేతలో తొలగవు. రైతుకు ఆ ఏడే కొత్త అప్పు దొరికి ఉంటే, ఆదాయం పెరిగినది బోరు వలననా, అప్పు వలననా అన్నది తేలదు.
* వలస వెళ్లిన కుటుంబాలు జాబితా నుండి జారిపోతాయి. కష్టపడినవారే ఎక్కువగా వెళ్లిపోతే, మిగిలినవారి సమాచారం గ్రామ పరిస్థితిని ఉన్నదానికంటె మెరుగ్గా చూపుతుంది.
* కొలతలో దొర్లిన పొరపాట్లు ఫలితాన్నే మార్చగలవు.