వెన్న నిచ్చు వృక్షములు

పాలు పితుకకయే వెన్న నిచ్చు వృక్షములు కలవు. 1796లో పశ్చిమాఫ్రికాయందు నైగరు నదీప్రాంతమున సంచరించిన స్కాట్లండు వైద్యుడు ముంగో పార్కు, అచటి జనులు షియా పప్పును నీట మరిగించి వెన్న తీయుదురనియు, అది ఉప్పు కలుపకయే ఏడాది నిలుచుననియు 1799లో ప్రకటించిన యాత్రాగ్రంథమున వ్రాసెను. నేడా వెన్న చర్మలేపనములందును లిప్‌స్టిక్కులందును చేరినది. మైనము కడ్డీకి బిగువు నొసగ, వెన్న పెదవికి మార్దవ మొసగును.

మన ఇప్ప ఆ షియాకు జ్ఞాతి. రెండును ఒక్క వృక్షకుటుంబములోనివే. మా మాతామహి చలికాలమున పేరుకొన్న ఇప్పనూనెను నా పగిలిన మడమలకు రాచెడిది. పొలముగట్టుననున్న ఆ చెట్టును పిదప నేనే కొట్టించితిని. ఇపుడు పరదేశపు వెన్నను వెలయిచ్చి కొనుచున్నాను.

పెద్దలారా! మీ గట్టున ఇప్ప యున్నచో గొడ్డలి తగులనీయకుడు.